ఏ బండి కొనాలని అడిగే ముందు, దాన్లో ఎవర్ని ఎక్కిస్తావో చెప్పు



సంక్రాంతి పోయింది, మిరపకోతలు మొదలైనాయి. ఈ టైముకి మన పల్లెల్లో ప్రతి ఏడాదీ ఒక ప్రశ్న లేస్తది. "అన్నా, ఒక బండి కొందామనుకుంటున్నా. కూలీల్ని మనమే తెచ్చుకోవచ్చు, కాయ మనమే తోలుకోవచ్చు, ఇంట్లో వాళ్ళు యాడికన్నా పోవచ్చు. పికప్పా, ఏడు సీట్ల కారా, వ్యానా? ఏది మేలు?" ఈ నెలలోనే ఐదుగురు అడిగారు. తర్లుపాడు వైపు నుంచి ఇద్దరు, బేస్తవారిపేట నుంచి ఒకరు, కొమరోలు నుంచి ఒకరు, మా ఊళ్ళోనే ఒకరు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. చదివినాక కొంతమందికి నా మీద కోపం వస్తది. రానీయండి.

నా మాట ముందే చెప్తా. ఐదారెకరాల రైతుకి సొంతానికి చిన్న వ్యాను చాలు. పికప్ అవసరం పడిన రోజు బాడుగకి పిలుచుకోవాలి. ఏడు సీట్ల కారు జోలికి పోకూడదు. అన్నిటికన్నా పెద్ద మాట, ఏ బండి కొన్నా సరే, సరుకు వేసే తొట్లో మనిషిని ఎక్కించకూడదు. ఈ చివరి మాట కోసమే ఇంత పొడుగు రాస్తున్నా. మిగతావి దానికి దారి.

మొదట ఏడు సీట్ల కారు సంగతి. ఇది నేను చేసిన తప్పు కాబట్టి ధైర్యంగా చెప్తా. 2018లో కూతురి పెళ్ళికి ముందు సెకండ్ హ్యాండ్‌లో ఒకటి తెచ్చా. వియ్యాలవారి ముందు తలెత్తుకోవాలని తప్ప వేరే కారణం లేదు. పెళ్ళి రోజు బాగానే ఉంది. పెళ్ళయిన వారానికి డీఏపీ బస్తాలు కావాల్సొచ్చినాయి. వెనక సీటు మడిచి నాలుగు వేసుకొచ్చా. ఒక బస్తా మూల చినిగి గుళికలు సీటు పట్టాల్లోకి పోయినాయి. వానాకాలం వచ్చేసరికి అక్కడ తుప్పు. ఆ మార్చిలో శాంపిల్ కోసమని రెండు గోతాల ఎండుమిర్చి వేసుకొని మార్కాపురం పోయా. ఆ ఘాటు ఏసీలోకి దూరింది. నాలుగు నెలలు ఆ కారెక్కిన ప్రతి ఒక్కరూ తుమ్మినారు. మా ఇంటామె, "ఈ కారులో పెళ్ళికి పోతే మన తుమ్ములకి అపశకునమని పెళ్ళే ఆపేస్తారు" అనింది. 2021లో అమ్మేసినా. లక్షా డెబ్బై వేలు నష్టం.

నా తెలివితక్కువ అనుకోండి, ఒప్పుకుంటా. కానీ కారు లెక్క కూడా చూడండి. 2012 నుంచి మన రోడ్ల మీద ఎక్కువ కనిపించేది ఎర్టిగా. ఏడుగురూ కూర్చున్నప్పుడు దాని డిక్కీలో మిగిలే చోటు 209 లీటర్లు. అంటే మనం చేలో మందు కలుపుకునే డ్రమ్ము ఒకటి. ఏడుగురు మనుషులు, ఏడు సంచులు, ఒక డ్రమ్ము చోటు. మనుషులు నిండితే సామాను పట్టదు, సామాను పెడితే మనుషులు దిగాలి. టౌనులో ఉద్యోగం చేసేవాళ్ళకి మంచి బండే, కాదనను. మనకి ఏడుగురం కలిసి పోయే రోజులు ఏడాదికి ఎన్ని? పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడుగు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న బండికి 18 శాతం. పొడుగో ఇంజనో ఆ గీత దాటితే 40 శాతం. ఎర్టిగా రెండు గీతలూ దాటింది. ఈకో లాంటి చిన్న వ్యాను రెండిటికీ లోపలే ఉంది. పక్కింటోడి వాకిట్లో ఉంది కదా అని మనం కట్టేది ఈ 40 శాతం.

ఇక పికప్. "రైతుకి బరువు బండి కాక ఇంకేం కావాలి?" అంటారు. వినడానికి బాగుంటది. ఒక పని చేయండి. నేను చేసినా. వ్యాను తెచ్చిన ఏడాది వంటింటి గోడకున్న క్యాలెండర్లో రోజూ రాత్రి ఒక గుర్తు పెట్టినా. మనుషుల కోసం తీస్తే "మ". సరుకు కోసం తీస్తే "స". రెండూ అయితే రెండు అక్షరాలూ. వ్యానులో పట్టని పెద్ద లోడు ఉండి వేరే బండి పిలిస్తే సున్నా. ఏడాది చివర లెక్కేస్తే గుర్తున్న రోజులు 214. దాన్లో "మ" 96. ఆస్పత్రి, బ్యాంకు, పెళ్ళిళ్ళు, పిల్లల్ని బస్సెక్కించడం, దాదాపు అన్నీ నలుగురి లోపే. "స" 81. యూరియా నాలుగైదు బస్తాలు, దాణా, పాలక్యాన్లు, కాలిపోయిన బోరు మోటారు, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు. మన ఫ్లోరైడ్ నీళ్ళ పుణ్యాన ఈ క్యాన్లు లేకుండా వారం గడవదు కదా. రెండూ కలిసింది 29. సున్నాలు ఎనిమిది.

ఎనిమిది రోజులు! ఆ ఎనిమిదికి నేనిచ్చిన బాడుగ మొత్తం ముప్పై రెండు వేలు. గుంటూరు ట్రిప్పులూ దాన్లోనే. అదే పికప్ కొని ఎనిమిది లక్షలు అప్పు తీసుకున్నాననుకోండి. పదిన్నర వడ్డీతో ఐదేళ్ళకి నెలకి పదిహేడు వేల పైన. ఏడాదికి రెండు లక్షల ఆరు వేలు. ఎనిమిది రోజుల కోసం! రోజుకి పాతిక వేల పైన పడింది. ఇన్సూరెన్సు, టైర్లు, ఫిట్‌నెస్ వేరే. పసుపు నంబర్ ప్లేటు బండికి ఎనిమిదేళ్ళ వయసు దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడూ ఫిట్‌నెస్ చేయించాలి. బండి మొత్తం బరువు మూడు వేల కిలోలు దాటే మోడల్ అయితే పర్మిట్ కూడా కావాలి. కొనేముందు ఆ అంకె చూసుకున్నోడు నాకు ఒక్కడూ తగల్లేదు.

"ఖాళీ రోజుల్లో బాడుగకి తిప్పుతా కదా" అంటారు. తిప్పండి. అప్పుడు మీరు రైతు కాదు, బాడుగ బండి ఓనరు. ఆ పని తెలిసినోళ్ళు, దాన్నే నమ్ముకున్నోళ్ళు మార్కాపురం, కంభం, గిద్దలూరు స్టాండుల్లో ఇప్పటికే లోడు కోసం బీడీ కాలుస్తా కూర్చొనున్నారు. ఉదయం చేలో, సాయంత్రం స్టాండులో ఉండేవాడికి రెండూ దక్కవు. పదిహేను ఇరవై ఎకరాలుండి, బత్తాయో అరటో నెలంతా తోలేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి పికప్ కావాలి, కొనాలి. నేను మాట్లాడేది మన లాంటోళ్ళ గురించి.

చిన్నది కదా అని టాటా ఏస్ వైపు చూసేవాళ్ళున్నారు. 2005లో వచ్చినప్పటి నుంచి మంచి పేరున్న బండి. దాని కొలత ముప్పాతిక టన్ను. మిరప టిక్కీ నలభై ఐదు కిలోలు వేసుకుంటే పదహారు టిక్కీలు. మన వాళ్ళు ముప్పై ఐదు కట్టి తాడు బిగిస్తారు. పదహారే వేసే ఓపికుంటే కొనండి. ఇంటామెని, ఇద్దరు పిల్లల్ని ఎక్కించాలంటే మాత్రం దాన్లో చోటు లేదు. డ్రైవర్ పక్కన ఒక్క సీటు. మిగిలినోళ్ళు వెనకే ఎక్కాలి. ఆ "వెనక" దగ్గరికే వస్తున్నా.

దానికి ముందు వ్యాను గురించి నిజం చెప్పాలి. నా దగ్గర అది ఉంది కాబట్టి పొగుడుతున్నా అనుకోవద్దు. 1984లో మారుతి వ్యాను వచ్చింది, తర్వాత దాన్నే ఓమ్ని అన్నారు, 2019లో తయారీ ఆపేశారు. బడి పిల్లల దగ్గర్నుంచి పేషెంట్ల దాకా దాన్లోనే పోయినారు. దాని తర్వాత అట్టాంటి పని చేస్తున్నది 2010లో వచ్చిన ఈకో. ఐదు సీట్ల దాన్లో వెనక సీటు వెనక ఖాళీ చోటు పెద్దది. పక్కకి జరిగే తలుపు, లోపల చదును. ఇద్దరు మనుషులు, ఆరు యూరియా బస్తాలు సుబ్బరంగా పోతాయి.

లోపాలు? ఉన్నాయి. ముందు మూతి పొట్టి, రేకు పల్చన. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గుద్ది చూస్తే, ఎయిర్‌బ్యాగులు లేని ఈకోకి పెద్దవాళ్ళ భద్రతలో సున్నా స్టార్లు వచ్చినాయి. కాబట్టి పాతది కొనేవాళ్ళు స్పీడు తగ్గించుకోండి, బెల్టు పెట్టుకోండి. టైర్లు పదమూడు అంగుళాలవి. నల్లరేగడిలో వాన పడితే గట్టు మీదే ఆపి నడుచుకుంటూ పోవాలి. దోర్నాల ఘాటులో లోడుతో ఎక్కేటప్పుడు వెనకోళ్ళు హారన్ కొడతారు, కొట్టనీయండి. ఇరవై అడుగుల పైపు పట్టదు, దానికి ట్రాక్టరే. ఇంకొకటి, తెల్ల ప్లేటు బండిలో మన సొంత సామానే వేసుకోవాలి. బాడుగకి తిప్పితే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు వాళ్ళు అదే పట్టుకుంటారు. ఇన్ని లోపాలున్నా 214 రోజుల్లో 206 రోజుల పని అదే చేసింది.

ఇప్పుడు అసలు సంగతి.

మా బంధువు ఒకాయనకి పికప్ ఉండేది. పేరు, ఊరు రాయను. 2019 మార్చిలో పక్క ఊరి రైతు చేలో మిరపకోతకి పద్నాలుగు మంది ఆడకూలీల్ని తొట్లో ఎక్కించుకొని పోయాడు. మనిషికి ముప్పై రూపాయలు. తెల్లారక ముందు కల్వర్టు మలుపులో ఎదురుగా ట్రాక్టరు వచ్చింది, ఇతను పక్కకి కోశాడు, బండి పడిపోయింది. లోపల కూర్చున్న ఇతనికి మోచెయ్యి గీసుకుంది. వెనకున్న వాళ్ళలో ఒకామె అక్కడే పోయింది. ముగ్గురికి కాళ్ళు విరిగినాయి. ఇంకొకామె వెన్నెముక ఇప్పటికీ సరిగా లేదు.

బండికి ఇన్సూరెన్సు ఉంది. ఫుల్లే. ఏటా మానకుండా కట్టినాడు. "కంపెనీ చూసుకుంటది" అని మేమందరం ఆ కుటుంబాలకి చెప్పినాం. నేనూ చెప్పినా. కేసు నడిచింది. కంపెనీ లాయరు ఒక్క ముక్క అన్నాడు: ఇది సరుకు బండి, ఇందులో ఎక్కిన వాళ్ళు సరుకూ కాదు, సరుకు యజమానులూ కాదు. 2023లో తీర్పు వచ్చింది. డబ్బులు ముందు కంపెనీ కట్టాలి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. ఆ కుటుంబాలకి న్యాయం జరిగింది, సంతోషం. మా వాడు ఎకరంన్నర అమ్మినాడు. ఇంకా బాకీ ఉంది.

కంపెనీని తిట్టి లాభం లేదు. చట్టమే అట్టా ఉంది. 1994లో మోటారు వాహనాల చట్టం 147వ సెక్షన్ మార్చినప్పుడు, సరుకు బండిలో సరుకుతో పాటు పోయే యజమానికి, లేదా అతని తరఫు మనిషికి రక్షణ ఇచ్చారు. అంతే. ఊరికే ఎక్కిన వాళ్ళకి, డబ్బులిచ్చి ఎక్కిన వాళ్ళకి ఇవ్వలేదు. 2002 డిసెంబర్లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. బండి మీద పనిచేసే డ్రైవరు, హమాలీల లెక్క వేరు. కొన్ని కేసుల్లో లాయర్లు కూలీల్ని బండి ఓనరు పనివాళ్ళుగా చూపించి పోట్లాడతారు. కొన్నిసార్లు గెలుస్తారు. పోట్లాడి గెలవాల్సిన దాన్ని రక్షణ అనుకొని మనుషుల్ని ఎక్కిస్తామా? ట్రాక్టరు ట్రక్కులో ఎక్కిన వాళ్ళ గతీ ఇంతే. 2020 మే నెలలో అప్పటి మన జిల్లాలోనే నాగులుప్పలపాడు మండలంలో మిరపకూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది గుర్తుందా? ఆ వారం అందరం ఫోటోలు పంచుకున్నాం. ఆ తర్వాతి వారం మళ్ళీ అట్నే ఎక్కించినాం.

లైసెన్సు గురించి చాలామందికి ఒక భయం ఉండేది, బ్యాడ్జి లేకుండా పికప్ తోలితే ఇన్సూరెన్సు రాదని. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్ఎంవీ లైసెన్సు చాలు. ఆ భయం తీరింది. తొట్లో మనుషుల సంగతి తీరలేదు. తీరదు కూడా.

వ్యాను, కారు ఉన్నోళ్ళు నవ్వుకోవద్దు. మీకూ ఒకటుంది. ఖర్చని థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్నారా? అది రోడ్డు మీద ఎదుటోడికి. సొంత కారు లోపల కూర్చున్న మీ అమ్మకి, మీ అక్కకి, మీ కూలీలకి దాంతో రాదు. లోపలి వాళ్ళకి కావాలంటే ప్యాకేజీ పాలసీ కట్టాలి. ఓనరు తోలుతుంటే పదిహేను లక్షల ప్రమాద బీమా వేరేగా ఉంటది, అది ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడే పోయి ఆ కాగితం తీసి చదవండి. ఈ పోస్టు తర్వాతైనా చదవొచ్చు.

మీరు అనబోయే మాటలు నాకు తెలుసు.

"కూలీలే ఎక్కుతామంటారు." ఎక్కక ఏం చేస్తారు? నడిచిపోతే కూలి పోతది. దిక్కులేక ఒప్పుకున్న దాన్ని ఇష్టం అనొద్దు.

"ఇన్నేళ్ళ నుంచి ఎక్కిస్తున్నాం, ఏం కాలేదు." మా బంధువూ మార్చి దాకా అదే అన్నాడు.

"వ్యానులో ఐదుగురే పడతారు, నాకు పది మంది కావాలి." ఇది న్యాయమైన మాట. నా జవాబు రెండు ట్రిప్పులు. మా చేను ఏడు కిలోమీటర్లు. రెండో ట్రిప్పుకి పోను రాను పద్నాలుగు, లీటరు పెట్రోలు, అరగంట టైము. సాయంత్రం ఇంకో లీటరు. కోతల్లో నాకు పదిహేను రోజుల పని అనుకుంటే మూడు వేల పైచిలుకు ఖర్చు. మనిషి పోతే ఎకరంన్నర. ఏది చవక? మరీ ఎక్కువ మంది అయితే సీట్లు, పర్మిట్ ఉన్న ప్యాసింజర్ ఆటో మాట్లాడుకోండి. దాన్లోనూ సీటుకి ఒకరే. ఇరవై మందిని కుక్కితే పేరు మారింది గానీ పని అదే.

"డబుల్ క్యాబిన్ పికప్ కొంటే?" కొనొచ్చు. బొలెరో క్యాంపర్ లాంటి దాన్లో ఐదుగురికి సీట్లున్నాయి, వెనక తొట్టి ఉంది. మన బతుక్కి కరెక్టుగా సరిపోయే తరహా అదే. ధర మాత్రం మన బతుక్కి సరిపోదు. నలుగురు అన్నదమ్ములు కలిసి కొనగలిగితే కొనండి.

ఇక సర్కారు వాళ్ళకి ఒక మాట. ఏ పార్టీనీ అనడం లేదు. 2021 జనవరిలో బియ్యం ఇంటింటికీ ఇవ్వడానికి 9,260 బండ్లు కొన్నారు. 2025 జూన్ నుంచి ఆ పద్ధతి తీసేశారు. మంచో చెడో పక్కన పెట్టండి. బియ్యం బస్తా ఇంటికి రావడానికి బండి దొరికింది. ఆ బియ్యం తినే మనిషి పొలానికి పోవడానికి సీటున్న బండి మాత్రం దొరకలేదు. ఆడవాళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి బస్సు ఫ్రీ. బాగుంది. తెల్లారి ఐదింటికి మన చేల దారిలో బస్సు యాడుంది? ట్రాక్టరుకి, రోటవేటరుకి, డ్రోనుకి సబ్సిడీ ఇస్తారు. రైతు సంఘానికి పన్నెండు సీట్ల బండి ఒకటి సబ్సిడీ మీద ఇచ్చి, కూలీలకి బీమా కట్టించండి. మండలానికి నాలుగు చాలు, కోతల మూడు నెలలు. ఈసారి నాయకులు ఊళ్ళోకొచ్చినప్పుడు వెలిగొండ నీళ్ళతో పాటు ఇది కూడా అడుగుదాం.

వాళ్ళు ఇచ్చేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. కొనేముందు మూడు నెలలు క్యాలెండర్లో గుర్తులు పెట్టండి. సున్నాలు పది దాటకపోతే పికప్ మాట మర్చిపోండి. బాడుగ బండి పిలిచినప్పుడు కాయతో పాటు మీరొక్కరే, క్యాబిన్లో, సీటు ఉంటేనే పోండి. మేస్త్రీతో కూలి మాట్లాడేటప్పుడే "ఏ బండిలో తెస్తావు?" అని అడగండి. తొట్లో తెస్తానంటే వద్దనండి. శివరాత్రికి త్రిపురాంతకం, శ్రీశైలం పోయే పిల్లకాయలకీ ఇదే మాట చెప్పండి. దేవుడి దగ్గరికి పోతున్నామని చట్టం మారదు.

ఆ రోజు కల్వర్టు దగ్గర పోయిన ఆమె కూతురు ఇప్పుడు మా చేలోకి కోతకి వస్తది. ఇరవై రెండేళ్ళుంటాయి. మొదటి రోజు వ్యాను తలుపు దగ్గర నిలబడి, "నాకు సీటు ఉందా, పెద్దనాన్నా?" అని అడిగింది. లేకపోతే రెండో ట్రిప్పులో వస్తానని పక్కకి జరిగింది.

రేపు తెల్లారి మీ బండి దగ్గర ఎవరో ఒకరు అట్టా నిలబడతారు. ఏం చెప్తారో ఇప్పుడే ఆలోచించుకోండి.